ఒక్క నవ్వుకే అనుమతి

"మేక మాయమైంది" సినిమాను మొత్తం ఆడవాళ్లతో మళ్లీ తీస్తున్నారన్న వార్త పొద్దున పేపర్లో వచ్చింది. సాయంత్రానికల్లా ఆ సినిమా చెత్తగా ఉందని రాష్ట్రంలో సగం మంది తేల్చేశారు. అద్భుతంగా ఉందని మిగతా సగం మంది తేల్చేశారు. షూటింగ్‌కి కొబ్బరికాయ ఇంకా కొట్టలేదు.

పాత "మేక మాయమైంది" కథ చిన్నదే. చూపు సరిగా ఆనని ఒక ముసలమ్మ ఇంట్లో నలుగురు బ్రహ్మచారులు అద్దెకుంటారు. గేటు వెయ్యడం మర్చిపోయి ఆమె ప్రాణంగా పెంచుకునే మేకను పోగొడతారు. ఆ సంగతి ఆమెకు తెలియకుండా రోజుకొకడు గొంగళి కప్పుకుని పెరట్లో మేకలా నిలబడతాడు. ఆమె పెట్టిన పనసాకులు నములుతాడు. రెండు తరాల జనం ఆ సినిమా డైలాగులు పెళ్లిళ్లలో చెప్పుకున్నారు, బస్సుల్లో చెప్పుకున్నారు, చావింటి అరుగు మీద కూర్చుని కూడా గొంతు తగ్గించి చెప్పుకున్నారు.

కొత్త సినిమాలో నలుగురు బ్రహ్మచారుల బదులు ఉద్యోగాలు చేసుకునే నలుగురు ఆడపిల్లలు. తేడా అంతే.

అది చాలు. టీవీల్లో చర్చలు మొదలయ్యాయి. "మేక కూడా ఆడదేనా?" అని ఒక యాంకరు నిర్మాతను నిలదీశాడు. పాత సినిమాలో కూడా మేక ఆడదేనని నిర్మాత వివరణ ఇచ్చాడు. ఇన్నేళ్లూ ఈ నిజాన్ని దాచి తమను మోసం చేశారని మర్నాడు ఒక సంఘం ధర్నాకు దిగింది.

షూటింగ్ అయ్యాక జరిగిన ట్రైలర్ విడుదల సభకు ఒక వర్గం "మేం నవ్వం" అని రాసిన నల్ల గుడ్డలు మూతికి కట్టుకుని వచ్చింది. రెండో వర్గం నిర్మాణ సంస్థ పేరు పడగానే నవ్వడం మొదలుపెట్టింది. పొగతాగడం ఆరోగ్యానికి హానికరం అన్న ప్రకటనకు కూడా పొట్టలు పట్టుకుని నవ్వింది. నవ్వినవాళ్లను నవ్వనివాళ్లు కొట్టారు. నవ్వనివాళ్లను నవ్వినవాళ్లు కొట్టారు. ఇంతలో అసలు ట్రైలర్ అయిపోయింది. ఎవరూ చూడలేదు.

ప్రభుత్వం మేలుకుంది. శాంతిభద్రతల దృష్ట్యా "ప్రేక్షక స్పందన సమతౌల్య మండలి" ఏర్పాటైంది.

మండలి చైర్మన్‌గా వెల్లటూరి నరహరిరావును వేశారు. ఆయన గనుల శాఖలో పనిచేశాడు. మత్స్యశాఖలో పనిచేశాడు. దేవాదాయ శాఖలో రిటైరయ్యాడు. ఎక్కడ పనిచేసినా ఆ శాఖ గురించి ఏమీ తెలుసుకోకపోవడం వల్ల పరమ నిష్పక్షపాతి అన్న పేరు తెచ్చుకున్నాడు. ఆడవాళ్ల సినిమా కాబట్టి మండలిలో ఒక మహిళ తప్పనిసరి అన్నారు. ఇందుమతి అనే అధికారిణిని వేశారు, మినిట్స్ రాయడానికి.

తొలి సమావేశంలో నరహరిరావు లేచి నిలబడి విధానం ప్రకటించాడు.

"పాత చిత్రమునకు ప్రజలు ఎచ్చట నవ్వారో, కొత్త చిత్రమునకు కూడా అచ్చటనే నవ్వవలెను. తక్కువ నవ్వినచో అది మహిళలను కించపరచుట. ఎక్కువ నవ్వినచో అది దివంగత హాస్యనటులను కించపరచుట. కావున నవ్వు సరిసమానముగా ఉండవలెను. సమానత్వమునకు ఇంతకన్న సులభమైన మార్గము లేదు."

అందరూ బల్లలు చరిచారు.

పాత సినిమాకు ప్రజలు ఎక్కడ నవ్వారో ఎలా తెలుస్తుంది? ప్రజలనే అడగవచ్చని ఇందుమతి సూచించింది. ప్రజలు ఈ వ్యవహారంలో ఒక పార్టీ గనుక వాళ్ల మాట చెల్లదని న్యాయ సలహాదారు తేల్చాడు. అందుచేత మండలే తన సొంత సమావేశ మందిరంలో పాత సినిమా వేసుకుని చూడాలని, మండలి నవ్విన చోటే అధికారికంగా నవ్వు అని నిర్ణయమైంది.

ముందు వరసలో చైర్మన్ ఒక్కడే కూర్చున్నాడు. ఆ వెనక డైరెక్టర్లు. ఆ వెనక డిప్యూటీ డైరెక్టర్లు. ఆ వెనక సూపరింటెండెంట్లు. గోడ పక్కన స్టూలు మీద ఇందుమతి.

బొమ్మ మొదలైంది. గొంగళి కప్పుకున్న మొదటి బ్రహ్మచారి "మే" అన్నాడు. డైరెక్టర్లకు కడుపులో నవ్వు కదిలింది. వాళ్లు చైర్మన్ బట్టతల వైపు చూశారు. బట్టతల కదల్లేదు. డైరెక్టర్లు నవ్వు మింగేశారు. డైరెక్టర్ల వీపులు చూసి డిప్యూటీలు మింగేశారు. డిప్యూటీల వీపులు చూసి సూపరింటెండెంట్లు దగ్గారు. పైవాడు నవ్వకముందు కిందివాడు నవ్విన దాఖలా ఆ ఆఫీసులోనే కాదు, రాష్ట్రంలో ఏ ఆఫీసులోనూ లేదు.

నరహరిరావు నవ్వకపోవడానికి కారణం ఉంది. ఆయన సినిమా చూడటం లేదు, ఫోను చూసుకుంటున్నాడు.

అంతా గోలగోలగా సాగే ఆ సినిమాలో చివరికొచ్చేసరికి ఒకే ఒక్క ఏడుపు సీనుంది. మేక ఇక లేదని తెలిసి ముసలమ్మ దాని పలుపుతాడు పట్టుకుని కూర్చుని ఏడుస్తుంది. సరిగ్గా ఆ సీను నడుస్తుండగా నరహరిరావు ఫోనుకి ఒక మెసేజి వచ్చింది. తనకు రావలసిన పెద్ద పదవిని తన్నుకుపోయిన బ్యాచ్‌మేట్‌ను ప్రభుత్వం ఆ పదవి నుంచి పీకేసింది.

నరహరిరావు పగలబడి నవ్వాడు.

మందిరం మొత్తం పేలింది. అప్పటిదాకా ఆపుకున్నదంతా బయటికి తన్నింది. డైరెక్టర్లు తొడలు చరుచుకున్నారు. ఒక సూపరింటెండెంటు కుర్చీలోంచి జారి కింద పడి కూడా నవ్వు ఆపలేదు. తెర మీద ముసలమ్మ వెక్కి వెక్కి ఏడుస్తూనే ఉంది.

లైట్లు వెలిగాక ఇందుమతి లేచింది.

"సార్, ఆ సీన్లో ముసలావిడ ఏడుస్తోంది."

"ఏడుస్తోందా?" అన్నాడు నరహరిరావు. డైరెక్టర్ల వైపు తిరిగాడు. "మీరందరూ నవ్వారు కదా?"

"నవ్వాం సార్."

"ఎందుకు నవ్వారు?"

"నవ్వొచ్చింది సార్," అన్నారు డైరెక్టర్లు ఏకకంఠంతో.

"వింటివా అమ్మా? ఇంతమంది గెజిటెడ్ అధికారులకు నవ్వు వచ్చినచోట ఏడుపు ఎట్లుండును? మిగిలిన సినిమా అంతటా ఒక్కరైనా నవ్విరా?"

ఎవరూ నవ్వలేదు. ఇందుమతి కూర్చుంది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. "మేక మాయమైంది" కొత్త చిత్రం ప్రదర్శించే ప్రతి హాల్లో, ముసలమ్మ ఏడ్చే సీనులో ప్రేక్షకులు గట్టిగా నవ్వాలి. ఇంకెక్కడా నవ్వకూడదు. తేడా వచ్చిన హాలు లైసెన్సు శాశ్వతంగా రద్దవుతుంది. అసలు సినిమాయే వెయ్యననే హాలు మహిళా వ్యతిరేకి కింద లెక్క, కాబట్టి దాని లైసెన్సూ రద్దవుతుంది.

ఆ ఉత్తర్వు పట్టుకుని ఒక అధికారి గోదావరి కాలవ పక్కన ఉన్న కొత్తరేవుకు బస్సు దిగాడు.

*

కొత్తరేవులో ఉన్నది ఒకే సినిమా హాలు. పేరు తిరుపతాంబ టాకీస్. పెచ్చెట్టి భాస్కరానికి తండ్రి ఇచ్చిన ఆస్తి అదొక్కటే. దాన్ని పడగొట్టి పెళ్లిళ్లకు ఫంక్షన్ హాలు కట్టాలని ఒక కాంట్రాక్టరు కాచుకుని కూర్చున్నాడు. హాలు లైసెన్సు పోతే అమ్మక తప్పదు. అది కాంట్రాక్టరుకు తెలుసు. అందుకే రోజూ పొద్దున్నే వాకింగ్‌కి ఆ హాలు చుట్టూనే తిరుగుతూ, వంటశాల ఎక్కడ పెట్టాలో చేత్తో చూపిస్తూ వెంట వచ్చేవాళ్లకు వివరిస్తుంటాడు.

బస్సు దిగిన అధికారి పేరు జలదంకి చంద్రమౌళి. స్పందన పర్యవేక్షణాధికారి. తూనికలు కొలతల శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చాడు. భాస్కరం భార్య తాయారు ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఉత్తర్వు వినిపించాడు.

భాస్కరం చెవుల్లో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

"అంటే... ఆ ముసలమ్మ ఏడుత్తుంటే జనం నవ్వాలాండీ?"

"నవ్వవలెను."

"మరి మిగతా అంతా?"

"మౌనము పాటించవలెను."

"అది కామెడీ సినిమా అండి బాబూ!"

"కావచ్చును. మండలికి ఆ అభిప్రాయము కలుగలేదు." చంద్రమౌళి చేతులతో గాలిలో తక్కెడ పట్టినట్టు చూపించాడు. "నవ్వులో తరుగు ఉండరాదు. మొగ్గు ఉండరాదు. ముల్లు మధ్యలో నిలవవలెను. రేపు చిత్రము విడుదల. మ్యాట్నీకి నేనే స్వయముగా హాలులో కూర్చుందును."

ఆయన లాడ్జికి వెళ్లిపోయాక తాయారు గ్లాసు తీస్తూ అంది, "ఏవండీ, ఈయన్ని కిరాణా కొట్టోళ్లు తట్టుకోలేక మన మీదకి తోలేసినట్టున్నారు."

భాస్కరానికి నవ్వు రాలేదు. ఊళ్లో ఇద్దరి సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఒకడు గెద్దాడ బుల్లియ్య. ఎరువుల కొట్టు. పాత "మేక మాయమైంది" అభిమాన సంఘానికి అధ్యక్షుడు. పాత సినిమా ఎప్పుడు వేసినా నటుడి కంటే ముందే డైలాగు చెప్పేసి పక్కవాళ్ల టికెట్టు దండగ చేసేవాడు. కొత్త సినిమాకి మందితో వచ్చి, మొదటి నుంచి చివరిదాకా ఒక్క పన్ను కూడా బయటపెట్టకుండా కూర్చుంటానని శపథం పట్టాడు.

రెండో మనిషి కొప్పిశెట్టి చక్రవేణి. డ్వాక్రా సంఘాల నాయకురాలు. ఆడవాళ్ల సినిమాని ఆడవాళ్లే నిలబెట్టాలని, టైటిల్స్ నుంచే నవ్వాలని ఊళ్లో సంఘాలన్నిటికీ కబురు పెట్టింది.

భాస్కరం ఇద్దరినీ హాలుకి పిలిపించాడు. టికెట్ల కిటికీ ముందు బెంచీ మీద చెరో చివర కూర్చున్నారు.

"రేపు మీరు నవ్వకూడదు చెల్లెమ్మా," అన్నాడు చక్రవేణితో.

"అదేంటన్నయ్యా! మావోళ్లు వారం నుంచి ప్రాక్టీసు చేత్తన్నారు. సూరమ్మ పిన్నికైతే దవడ పట్టేసింది కూడా."

"నవ్వితే నా హాలు పోద్దమ్మా. హాలు పోతే మీ సినిమా ఎక్కడ ఆడతాది? నవ్వకపోవడమే దాన్ని నిలబెట్టడం."

చక్రవేణి ఆలోచించింది. "సరేలే. చీర చెంగులు పెద్దవే కట్టుకోమంటాను."

భాస్కరం రెండో చివరకు తిరిగాడు. "బావా, నువ్వు ముసలమ్మ ఏడుపు సీన్లో నవ్వాలి."

"నేనా? పళ్లు బయటెడితే నా పేరు గెద్దాడ బుల్లియ్య కాదని నలుగుర్లో అనేశాను బావా. కొట్టు కాడ బోర్డు మార్చుకోవాలా ఇప్పుడు?"

"నవ్వాల్సిన చోట నవ్వితే కదా నీ ఒట్టు పోయేది? ఏడవాల్సిన చోట నవ్వితే అది ఎగతాళి. నీకూ కావాల్సింది అదే కదా?"

బుల్లియ్య ముఖం వికసించింది. "ఆయ్! ఆ ముక్క ముందు చెప్పవేం? మావోళ్లందరి చేతా నవ్విత్తాను. గోడలు అదిరిపోవాలంతే."

మెచ్చుకుందామని వచ్చినవాళ్లు రాళ్లలా కూర్చోవడానికి, ఎగతాళి చేద్దామని వచ్చినవాళ్లు నవ్వడానికి ఒప్పందం కుదిరింది. రెండు వర్గాలకూ ఇది న్యాయంగానే కనిపించింది. ఇంకా సినిమా ఎవరూ చూడలేదు.

*

మర్నాడు మ్యాట్నీకి హాలు నిండిపోయింది. ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు, వెనక ద్వారం పక్కన భాస్కరం. సరిగ్గా మధ్య సీట్లో చంద్రమౌళి, చెవి రిక్కించి.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, సినిమా బాగుంది.

మొదటి పిల్ల గొంగళి కప్పుకుని పెరట్లో నిలబడింది. చూపు ఆనని ముసలమ్మ చెంబు పట్టుకుని పాలు పితకడానికి వచ్చింది. గొంగళి కింద ఆ పిల్ల కళ్లు చూసి చక్రవేణి చెంగు సగం నోట్లోకి కుక్కుకుంది. తరవాత, పక్కింటాయన తన పోతుమేకను జత చెయ్యడానికి తోలుకొచ్చాడు. పోతుమేక గొంగళి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఎక్కడినుంచో ఒక గడ్డిపరక నోట కరుచుకొచ్చి ముందు పడేసింది. గొంగళి కింద పిల్ల పక్కనున్న స్నేహితురాలితో గుసగుసగా అంది: "పోయినాదివారం వచ్చిన సంబంధం కంటే వీడే నయమే. గడ్డి వాడే తెచ్చుకున్నాడు."

ఆడవాళ్ల వరసలన్నీ ఒక్కసారి వంగాయి. సూరమ్మ పిన్ని ముందు కుర్చీని కరిచింది. ఎవరిదో ముక్కులోంచి బుస్సుమని ఒక శబ్దం వచ్చింది. చంద్రమౌళి తల తిప్పాడు.

"జలుబండి," అన్నాడు భాస్కరం ద్వారం దగ్గర్నుంచే, చెమటలు తుడుచుకుంటూ.

తాయారు భర్తను చొక్కా పట్టుకుని బయటికి లాగింది. "జనం నరాలు తెగి చచ్చేలా ఉన్నారండీ. ఆ కాగితంలో ఏమన్నారు? హాల్లో నవ్వకూడదన్నారు. అంతే కదా?"

"అంతే."

"పెరట్లో నవ్వితే ఎవడాపుతాడు?"

రెండు నిమిషాల్లో వరసల వెంట చీకట్లో కబురు పాకింది. ఒకరి తరవాత ఒకరు చిటికెన వేలు చూపించి లేవడం మొదలుపెట్టారు. హాలు వెనక, సైకిళ్ల స్టాండు దగ్గర, గోడకు చేతులానించి నవ్వారు. సైకిళ్ల మీద పడి నవ్వారు. నవ్వడం అయ్యాక మొహాలు కడుక్కుని, చావింటికి వెళ్తున్నట్టు లోపలికి వచ్చి కూర్చున్నారు. బయట ఉన్నప్పుడు పోయిన సీను ఏమిటో పక్కవాళ్లు చెవిలో చెప్పేవారు. అది విని మళ్లీ లేచేవారు.

"ఆ శబ్దమేమి?" అన్నాడు చంద్రమౌళి.

"జనరేటరండి," అన్నాడు లోపలికి వచ్చిన భాస్కరం.

"ఆగి ఆగి వచ్చుచున్నదేమి?"

"పాతదండి. ఆయాసం."

అందరికంటే ఎక్కువసార్లు బయటికి వెళ్లింది గెద్దాడ బుల్లియ్య. లేచిన ప్రతిసారీ అటూ ఇటూ చూసి "షుగరు, షుగరు" అని గొణిగేవాడు. తాయారు వెనక్కి వెళ్లి చూస్తే, సైకిల్ సీటు కౌగిలించుకుని వణికిపోతున్నాడు.

"ఏం బుల్లియ్యన్నయ్యా, షుగరెక్కువైందా?"

"నవ్వట్లేదమ్మా! నేను నవ్వట్లేదు!" కళ్లు తుడుచుకున్నాడు. "ఎవరే బాబూ ఆ పిల్ల? పనసాకు నమలమంటే పాతాయన ఒక్క దవడతో నమిలాడు. ఇది చెవులతో కూడా నములుతుందేంటే!" మళ్లీ సైకిలు మీద పడ్డాడు. "మావోళ్లకి చెప్పకు తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటాను."

"మీవోళ్లంతా ఆ చివర స్కూటర్ల దగ్గరే ఉన్నారు," అంది తాయారు.

*

ముసలమ్మ సీను వచ్చింది. బయట ఉన్నవాళ్లందరినీ భాస్కరం లోపలికి తోలాడు. ఇక ఒక్క సీను. ఇక్కడ హాలు దద్దరిల్లితే లైసెన్సు ఉన్నట్టే. బుల్లియ్య వైపు చూసి చెయ్యి ఎత్తాడు. బుల్లియ్య తన మందికి సైగ చేసి, గుండెల నిండా గాలి పీల్చుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఆయనకు ఆ సీను కంఠతా వచ్చు. ముసలమ్మ పలుపుతాడు పట్టుకుంటుంది, ఏడుస్తుంది.

తెర మీద ముసలమ్మ పలుపుతాడు పట్టుకోలేదు. పెరట్లోకి వచ్చి, గొంగళి పక్కన నేల మీద కూర్చుంది. గొంగళి సర్ది, లోపలున్న పిల్ల తల నిమిరింది.

"మేక పోయిన రోజే తెలుసే నాకు," అంది. "కళ్లు లేకపోతే ముక్కు లేదా? మీరు ఆఫీసుకి పోతే ఇల్లంతా బోసిగా ఉండేది. ఇప్పుడు రోజూ ఒకత్తి సెలవు పెట్టి పెరట్లో ఉంటోంది కదా, ఎందుకు చెప్పాలి అనుకున్నాను." మళ్లీ తల నిమిరి, "పనసాకులు మానేశాను చూశావా? నిన్నటి నుంచి తోటకూరే పెడుతున్నాను," అంది.

గొంగళి కదిలింది. లోపల్నుంచి ఏడుపు.

భాస్కరం ఎత్తిన చెయ్యి దించాడు. నవ్వమన్న సైగ అది. ఎవరూ నవ్వలేదు.

బుల్లియ్య నోరు తెరిచాడు. పీల్చుకున్న గాలి అంతా బావురుమని బయటికొచ్చింది. ఆయన వెనక అభిమాన సంఘం మొత్తం తువ్వాళ్లు తీసింది. ఆడవాళ్ల వైపు నోళ్లలోంచి తీసిన చెంగులు కళ్లకు వెళ్లాయి. సూరమ్మ పిన్ని పైకే రాగం తీసింది.

భాస్కరానికి లెక్క అర్థమైంది. హాలు పోయింది. ఒక్కడైనా నవ్వాలి. తనే నవ్వాలి. నోరు తెరిచి "హ" అన్నాడు. రెండో "హ" రాలేదు. బదులుగా వెక్కు వచ్చి, ద్వారబంధానికి జారగిలబడ్డాడు.

సినిమా అయిపోయింది. లైట్లు వెలిగాయి. జనం తడి మొహాలతో కదిలారు. బుల్లియ్య, చక్రవేణి మాత్రం ఆగిపోయారు. భాస్కరం, తాయారులతో కలిసి నలుగురూ మధ్య సీటు దగ్గరకు వెళ్లారు.

చంద్రమౌళి జేబురుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఇంకా కూర్చునే ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"సార్," అన్నాడు భాస్కరం. "జరిగింది మీరే చూశారు. చేతనైనంత చేశామండి. మా నాన్న కట్టిన హాలండి. ఏదో ఒకటి చెప్పేయండి, వింటాను."

చంద్రమౌళి రుమాలు తీశాడు. ముక్కు ఎర్రగా ఉంది. గొంతు సవరించుకున్నాడు.

"నిర్దేశిత సన్నివేశములో... ఈ హాలు నవ్వలేదు."

"నవ్వలేదండి."

తాయారు ముందుకొచ్చింది. "మీరూ నవ్వలేదు కదండీ సార్. హాల్లో మీరూ ఉన్నారు. మా పేరు రాసినప్పుడు మీ పేరూ రాయాలి. పర్యవేక్షణాధికారి గారు కూడా ఏడ్చారని."

చంద్రమౌళి కళ్లు పెద్దవయ్యాయి. సర్వీసులో ఎన్నడూ ఆయన కాటా తప్పలేదు. ప్రమోషన్ దగ్గరపడింది. తెల్లటి ఖాళీ తెర వైపు చూశాడు. క్రమంగా ఆయన వెన్ను నిటారైంది.

"నవ్వు అనగా నేమి?" అన్నాడు.

జవాబూ తనే చెప్పాడు.

"ఉత్తర్వులో నవ్వునకు నిర్వచనము లేదు. నిర్వచనము లేనిచోట లక్షణములను పరిశీలించవలెను. కన్నులు చెమర్చినవా?"

"చెమర్చాయండి," అంది చక్రవేణి.

"భుజములు కదలినవా?"

"ఊగిపోయాయండి బాబూ," అన్నాడు బుల్లియ్య.

"శ్వాస ఆగి ఆగి వచ్చెనా? శబ్దము పుట్టెనా? పక్కవారిని చూచి పక్కవారికి అంటుకొనెనా?"

"అన్నీ అయ్యాయండి!"

"మరి లేనిదేమి?" చంద్రమౌళి లేచి నిలబడ్డాడు. "గట్టి నవ్వునకు ఉండవలసిన లక్షణములన్నియు ఉన్నవి. రాష్ట్రమున ఇంత సమముగా, ఇంత నిండుగా నిర్దేశిత సన్నివేశములో నవ్విన హాలు మరొకటి నేను చూడలేదు. తరుగు లేదు. మొగ్గు లేదు. లైసెన్సు కొనసాగింపునకు సిఫారసు చేయుచున్నాను."

భాస్కరానికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ చేతి మీద కూలబడ్డాడు. ఉండబట్టలేక రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని భోరున ఏడ్చాడు. తాయారు ఆయన వీపు నిమురుతూ తనూ ఏడ్చింది.

చంద్రమౌళి కంగారుగా చుట్టూ చూసి, వేలు చూపించి గద్దించాడు.

"నవ్వకండి! ఆ సన్నివేశము ఎప్పుడో అయిపోయినది. ఇప్పుడు నవ్వినచో అదనపు నవ్వు కిందకు వచ్చును!"